గొర్రెపిల్లకు మొదటి దినము

2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము భారతదేశమున సుమారు 7 కోట్ల 43 లక్షల గొర్రెలు కలవు. అందు 1 కోటి 91 లక్షలు తెలంగాణలోను, 1 కోటి 76 లక్షలు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నట్లు తేలినది. అనగా దేశములోని ప్రతి రెండు గొర్రెలలో ఇంచుమించు ఒకటి ఈ రెండు రాష్ట్రముల దొడ్లలోనిదే. ఇది సంతోషింపదగిన విషయము. అయితే పశుగణనకు వచ్చు ఉద్యోగి దొడ్డిలో నిలిచియున్న జీవములనే లెక్కించును గాని, పుట్టి మూడు దినములైనను నిండక పోయిన పిల్లలను లెక్కింపడు. ఆ లెక్క కాపరికిని, కాపరి యిల్లాలికిని మాత్రమే తెలియును.

20 గొర్రెలును ఒక పొట్టేలును గల చిన్న మందను ఉదాహరణముగా తీసికొందము. ఒక ఈతలో 18 పిల్లలు పుట్టినవనుకొందము. వానిలో 4 మొదటి వారములోనే పోయినచో 14 మిగులును. ముసలివైన గొర్రెలకు బదులుగా 4 లేక 5 ఆడపిల్లలను మందలోనే ఉంచుకొనక తప్పదు. ఇక సంతకు పోవునవి 9 లేక 10 మాత్రమే. పిల్లలు 18 బ్రతికినను, 14 బ్రతికినను తల్లుల మేత ఖర్చు, మందుల ఖర్చు, కాపరి శ్రమ ఇంచుమించు ఒక్కటే. కావున పోయిన నాలుగు పిల్లల నష్టమంతయు లాభములోనుండియే పోవును. పెద్ద మంద గలవాడు దీనిని ఓర్చుకొనగలడు. రెండెకరముల మెట్టయు, ఇరువది జీవములును గల కుటుంబమునకు మాత్రము ఆ నాలుగు పిల్లలే పిల్లవాని చదువు ఖర్చు, అప్పు మీది వడ్డీ.

ఇట్లు మొదటి వారములో పోవు పిల్లలలో పెక్కింటికి పేరుగల మహారోగమేదియు ఉండదు. ఆకలి, చలి, బొడ్డునుండి లోనికెక్కిన చీము, ఇవియే సాధారణముగా వానిని తీసికొనిపోవును. వీనిని నివారించుటకు ఖరీదైన మందులు అక్కరలేదు. ఈనిన గడియ మొదలు మరుసటి దినము అదే వేళవరకు తల్లి యొద్ద ఒక మనిషి ఉండిన చాలును. ఆ మనిషి చేయవలసిన పని యేమి, దానికి కారణమేమి అనునది ఈ వ్యాసమున వివరింప దలచినాము.

ముర్రుపాలు

ఈనిన తల్లి పొదుగునుండి మొదట వచ్చు చిక్కని పసుపువన్నె పాలను మనము ముర్రుపాలందుము. గేదె ఈనినప్పుడు ఈ పాలతో జున్ను వండుకొనుట మన ఇండ్లలో పరిపాటి. దాని రుచి మనకు తెలిసినంతగా దాని ప్రయోజనము మనకు తెలియలేదని చెప్పవలసియున్నది.

మనుష్య శిశువు తల్లి గర్భములో ఉండగానే రోగములనెదిరించు పదార్థములను కొంతవరకు తల్లి రక్తమునుండి గ్రహించును. గొర్రెపిల్లకు ఆ అదృష్టము లేదు. గొర్రె మాయ నిర్మాణము వేరు. తల్లి రక్తములోని రక్షకపదార్థములు ఆ మాయను దాటి పిల్లను చేరజాలవు. కావున గొర్రెపిల్ల ఏ కవచమును లేకుండ లోకములోనికి వచ్చును. దాని కవచమంతయు ముర్రుపాలలో నున్నది. దొడ్డిలోని మట్టిలో, పేడలో, గాలిలో నున్న క్రిములను తల్లి ఎన్నో యేండ్లుగా ఎదుర్కొని సంపాదించుకొనిన శక్తిని ఈ పాల రూపమున పిల్లకు అందించును.

ఇందు ఒక గడువు కలదు. పుట్టిన వెంటనే పిల్ల ప్రేగుల గోడ ఆ రక్షకపదార్థములను ఉన్నవి ఉన్నట్లుగా రక్తములోనికి వదలును. గంట గంటకు ఆ ద్వారము మూసికొనిపోవుచుండును. 24 గంటలు గడచునప్పటికి అది ఇంచుమించు పూర్తిగా మూసికొనును. రెండవ దినమున త్రాగించిన ముర్రుపాలు కడుపు నింపును గాని రక్తమున చేరి రక్ష కాజాలవు. కావున పిల్ల పుట్టిన గంటలోపల, ఆలస్యమైనను రెండు గంటలలోపల, మొదటి పాలు కడుపులో పడితీరవలెను.

కొన్ని పల్లెలలో దీనికి విరుద్ధమైన ఆచారమున్నది. మాయ పడనిదే పిల్లకు పాలు ఇయ్యరాదని కొందరు, మొదటి పాలు మందము గనుక అరుగవని కొందరు, వానిని నేల పిండివేయుదురు. వంశపారంపర్యముగా జీవాలను కాచుకొనువారి అనుభవమునందు మాకు ఎంతయో గౌరవమున్నది. మేత ఎక్కడ చిగిర్చునో, ఏ గొర్రె ఏ దినమున ఈనునో వారు చెప్పగలిగినట్లు మరియొకరు చెప్పలేరు. అయినను ఈ ఒక్క ఆచారమును విడువవలసినదని మేము నిక్కచ్చిగా చెప్పుచున్నాము. పాలు అరుగకపోవుట అటుండ, ముర్రుపాలు కడుపులోని నల్లని తొలి మలమును వెడలించి ప్రేగులను శుభ్రపరచును. మాయ సంగతి యైతే తలక్రిందులు. పిల్ల చన్ను పట్టి కుడిచినప్పుడు తల్లి పాలు చేపుటయే గాక, గర్భసంచి ముడుచుకొని మాయ త్వరగా జారును. పిల్లను ఆపినచో మాయయు ఆలస్యమగును. 12 గంటలైనను మాయ పడనిచో పశువైద్యునకు చూపవలెను గాని, చేతితో లాగరాదు.

ఎంత పాలు చాలునని అడుగుదురు. పిల్ల తానై కుడుచుచున్నచో కొలత అక్కరలేదు. చేతితో త్రాగించవలసి వచ్చినప్పుడు, కిలో బరువునకు 50 మిల్లీలీటర్ల చొప్పున మొదటి విడత, 24 గంటలలో మొత్తము కిలోకు 200 మిల్లీలీటర్లు అనునది మంచి లెక్క. రెండున్నర కిలోల పిల్లకు మొదటి విడత 125 మిల్లీలీటర్లు, దినము మొత్తమునకు అర లీటరు అగును. దీనిని నాలుగైదు విడతలుగా పంచవలెను.

పిల్ల కుడుచుచున్నట్లు కనబడుట వేరు, పాలు దిగుట వేరు. ఈనిన వెంటనే పొదుగును శుభ్రమైన గోరువెచ్చని నీటితో తుడిచి, ఒక్కొక్క చన్నునుండి రెండు ధారలు పిండి చూడవలెను. చన్ను కొనలో మైనము వంటి బిరడా ఉండును. బలహీనమైన పిల్ల దానిని లాగలేక అలసిపోవును. దక్కనీ గొర్రెలకు పొదుగు చుట్టు ఉన్ని పెరిగియుండిన, ఈనుటకు ముందే కత్తిరించవలెను. లేనిచో పిల్ల చన్ననుకొని ఉన్నిని చప్పరించుచు గంటలు గడపును. కొంతసేపటికి పిల్ల పొట్టను వ్రేళ్లతో తాకి చూడుడు. పాలు త్రాగిన పిల్ల పొట్ట నిండుగా ఉండును, పిల్ల ఒడలు విరుచుకొని పడుకొనును. ఆకలిగొన్న పిల్ల వీపు గూనుచేసి, నాలుగు కాళ్లు దగ్గరకు చేర్చి నిలిచి, మాటిమాటికి అరచును. కొంతసేపైన పిదప అరవను కూడ అరవదు. అరపు మానినది గదా యని ఊరకుండుట పెద్ద పొరపాటు.

ఈ నియమము గొర్రెకు మాత్రమే చెందినది కాదు. మేకపిల్లకు, దూడకు కూడ ఇంతే. దూరదేశపు జీవములకును ఇంతే. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ఆండీస్ పర్వతములపై, సుమారు 4,000 మీటర్ల ఎత్తున, మన కాపరుల వంటి చిన్న రైతులు ఆల్పకా అను జీవమును ఉన్నికొరకు పెంచుదురు. ఇది ఒంటె కుటుంబములోనిది. ఈ కుటుంబపు జీవముల పేర 2024వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సంవత్సరముగా జరిపినది. ఆల్పకా పదకొండు నెలలకు పైగా మోసి సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. మన గొర్రె వలె అది పిల్లను నాకి ఆరబెట్టదు. ఆ పని ఎండయు గాలియు చేయవలసినదే. అది ప్రాయికముగా ఉదయము మొదలు మధ్యాహ్నములోపల ఈనుట అందుకొరకే కాబోలు! ఆ పిల్లకును గర్భమున కవచము లభింపదు, ముర్రుపాలే ఆధారము. అక్కడి కాపరియు రాత్రి చలికిని, పిల్లల పారుడు రోగమునకును మన కాపరి వలెనే భయపడును.

చలి

మన ప్రాంతములలో తొలకరి తరువాత పచ్చిక తిని కట్టిన గొర్రెలు సుమారు 150 దినములకు, అనగా కార్తీకము మొదలు పుష్యము వరకు, ఎక్కువగా ఈనుచుండును. ఆ నెలలు మేతకు మంచివి గాని, రాత్రులు చలివి. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెలలో మిక్కిలి ఎత్తైనది. పల్ల, జోడిపి, డోర యని రంగులనుబట్టి దానిలో మూడు తెగలను చెప్పుదురు. కాని దాని ఒంటినిండ వెండ్రుకలే గాని ఉన్ని లేదు. దక్కనీ పిల్లకు ఉన్ని ఉన్నను, తడిసియున్నంతసేపు అదియు పనికిరాదు. పుట్టుకతో పిల్ల ఒంటిలో కొంచెము కొవ్వు ఉండును. దానిని కరగించుకొని కొన్ని గంటలు మాత్రమే అది వేడిని నిలుపుకొనగలదు. ఆ లోపల పాలు పడినచో పొయ్యికి కట్టె అందినట్లు, లేనిచో ఆరిపోవును.

పిల్ల పడగానే ముక్కులోను, నోటిలోను ఉన్న జిగటను శుభ్రమైన గుడ్డతో తీసివేయవలెను. ఊపిరి తీయనిచో గడ్డిపోచతో ముక్కు లోపల కదిలించి, ప్రక్కలను గడ్డితో గట్టిగా రుద్దవలెను. తరువాత తల్లి ముందర ఉంచి నాకనీయవలెను. నాకుట వలన తడి ఆరును, రక్తప్రసరణ కలుగును, అన్నిటికంటె ముఖ్యముగా తల్లి పిల్ల వాసన పట్టుకొనును. తొలిచూలు గొర్రె కొన్నిసార్లు పిల్లను చూచి బెదరి దూరముగా పోవును. అప్పుడు పిల్లపై కొంచెము ఉప్పు చల్లి దగ్గరకు చేర్చు పద్ధతి మన కాపరులకు తెలిసినదే, అది మంచి పద్ధతి. గుంపుగా మనుష్యులు చేరుట, కుక్కలను దగ్గరకు రానిచ్చుట మంచిది కాదు.

రాత్రివేళ పిల్లలను గంప క్రింద కప్పియుంచుట మన ఆచారము. గంప నక్కలనుండి, కుక్కలనుండి కాపాడును గాని, చలిగాలిని ఆపదు. క్రింద పొడి గడ్డి మందముగా పరచి, గంప మీద గోనెయో పాత గొంగడియో కప్పవలెను. గడ్డి తడిసినచో దినదినము మార్చవలెను. ఒకే గంపలో పది పిల్లలను క్రుక్కరాదు. గంప ప్రక్కన కుంపటి పెట్టువారున్నారు. పొగ పిల్లల ఊపిరితిత్తులకు కీడు, నిప్పు గడ్డికి కీడు. దానికంటె సీసాలో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి ప్రక్కన ఉంచుట నయము.

పిల్ల చల్లబడినదో లేదో తెలిసికొనుటకు చిటికెనవ్రేలిని కడిగి దాని నోటిలో ఉంచి చూడవలెను. నోరు వెచ్చగా ఉండి వ్రేలిని చప్పరించినచో పాలు పట్టవచ్చును. నోరు చల్లగా ఉండి చప్పరింపనిచో సీసాతో పాలు పోయరాదు. మ్రింగలేని పిల్లకు పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. పుట్టి కొద్దిసేపే అయినచో ముందు తుడిచి, వెచ్చజేసి, తల యెత్తి నిలిపిన పిదపనే పాలు పట్టవలెను. ఐదారు గంటలైనను పాలెరుగక చల్లబడిన పిల్ల సంగతి వేరు. దాని ఒంటిలో కరగుటకు కొవ్వు మిగిలియుండదు గనుక, వెచ్చజేయుటతోనే మూర్ఛ వచ్చి పోవచ్చును. దానికి ముందుగా గ్లూకోజు సూదిమందు అవసరము. అది పశువైద్య సిబ్బంది చేయవలసిన పని. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు 1962 అను ఫోను సంఖ్య కేటాయింపబడినది. ఇంటిలో చిన్నపిల్లలకు కూడ ఆ సంఖ్యను నేర్పియుంచుట మంచిది.

బొడ్డు విషయమున చెప్పవలసినది స్వల్పము. అది తెగిన చోటు కొన్ని గంటలు తెరచిన వాకిలివలె ఉండును. రెండు వ్రేళ్ల వెడల్పు మిగులునట్లు శుభ్రమైన దారముతో కట్టి, దాని క్రింద మరగించిన కత్తెరతో కత్తిరించి, టింక్చరు అయొడినులో ముంచవలెను. సాయంకాలము మరల ఒకసారి. పేడ, బూడిద, మట్టి ఏమాత్రము పూయరాదు. వానిలో ధనుర్వాతపు క్రిమి ఉండవచ్చును. వారము, పది దినముల పిదప కీళ్లు వాచి కుంటుచున్న పిల్ల, తరచుగా బొడ్డునుండి చీము పట్టిన పిల్లయే. మాయను కుక్కలకు వేయక లోతుగా పూడ్చవలెను. ఈనించిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. గర్భిణీ స్త్రీలు ఈ పనికి దూరముగా ఉండుట మంచిది. గొర్రెకు గర్భస్రావము కలిగించు కొన్ని రోగములు మనుష్యులకును సోకును.

తల్లి లేని పిల్ల, కవల పిల్ల

పశ్చిమ బెంగాలులోని సుందరవనముల గరోల్ గొర్రె కవలలకు ప్రసిద్ధి. ఆ లక్షణమును దక్కనీ గొర్రెలలోనికి తెచ్చి మహారాష్ట్రములోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు ‘నారి సువర్ణ’ అను తెగను రూపొందించిరి. కవలలు పుట్టునను ఆశతో ఇట్టి జీవములను కొనువారు ఒక సంగతి గుర్తింపవలెను. గొర్రెకు చన్నులు రెండున్నవి, పిల్లలు రెండు పట్టును. రెంటికిని పాలు చాలునా అనునదే ప్రశ్న. తల్లికి మేత పెంచనిచో రెండు పిల్లలకు బదులు ఒక్కటియు మిగులకపోవచ్చును.

తల్లి చనిపోయిన పిల్లకు మరియొక తల్లిని వెదకుట ఉత్తమము. అదే దినమున ఈని, పిల్లను పోగొట్టుకొనిన గొర్రె యుండిన, చనిపోయిన పిల్ల చర్మమును అనాథపిల్లకు చొక్కావలె రెండు దినములు తొడుగుదురు. తల్లి వాసన చూచి తన పిల్లయే యని నమ్మును. చూచువారికి ఇది కఠినముగా తోచవచ్చును గాని, రెండు జీవముల కడుపుకోత దీనితో తీరును. ఆ చనిపోయిన పిల్ల రోగముతో పోయినదైనచో మాత్రము ఈ పని చేయరాదు. రోగము చర్మముతోపాటు వచ్చును.

తల్లి దొరకనిచో మేకపాలు, అవియు లేనిచో ఆవుపాలు పట్టవచ్చును. మొదటి దినమునకు మాత్రము ముర్రుపాలే కావలెను. ఇంకొక గొర్రెవి, మేకవి, చివరకు ఆవువి యైనను సరియే. ఊరిలో ఎవరింట ఏది ఈనినదో విచారించి, జున్ను వండకముందే ఒక గ్లాసెడు అడిగి తెచ్చుకొనుటలో సిగ్గుపడవలసినది లేదు. తరువాత దినములలో పిల్ల బరువులో పదవ వంతు మొదలు ఏడవ వంతు వరకు పాలను, ఒంటి వేడికి సమానమైన వెచ్చదనముతో, మొదటి వారము ఐదారు విడతలుగా ఇయ్యవలెను. పిల్లను నిలబెట్టియే త్రాగించవలెను. మనుష్య శిశువువలె వెల్లకిల పండబెట్టరాదు. సీసాయు, రబ్బరు చన్నును ప్రతిసారి వేడినీటితో కడుగనిచో పారుడు రోగమును మనమే పట్టించినట్లగును.

మందతో పోవు కాపరికి

ఇంతవరకు చెప్పినది ఇంటియొద్ద ఈనిన గొర్రెకు సులభమే. మేతకొరకు ఊరూరు తిరుగుచు, రాత్రులు రైతుల పొలములలో మంద పెట్టువారికి ఇది అంత సులభము కాదని మాకు తెలియును. తెల్లవారగనే మంద కదలవలెను. దారిలో ఈనిన పిల్లను సంచిలో వేసికొని నడువవలెను. విడిదిలో పిల్లను గంప క్రింద వదలి తల్లిని మేతకు తోలినచో, సాయంకాలము వరకు ఎనిమిది, పది గంటలు పిల్ల ఉపవాసము. వారము దాటిన పిల్ల దీనికి ఓర్చుకొనును. మొదటి మూడు దినములలో ఓర్చుకొనలేదు. కావున ఈనిన తల్లులను మూడు దినములైనను విడిదియొద్దనే నిలిపి, వానికి కోసిన పచ్చిక, అవిసె, సుబాబుల్ రెమ్మలు, వేరుసెనగ తీగె, త్రాగుటకు నీరు సమకూర్చవలెను. నాలుగైదు కుటుంబముల మందలు కలిసి నడచునప్పుడు, ఈనినవాటినన్నిటిని ఒకచోట చేర్చి, వంతులవారీగా ఒకరు కాచుట సాధ్యమే. ఒంటరి కాపరికి మాత్రము ఇది నిజముగా భారము. అట్టివాడు ఈతకాలమున మందను ఇంటికి చేరువలోనే త్రిప్పుట మేలని మా అభిప్రాయము.

తల్లికి ముందుగా పెట్టినదే పిల్లకు పాలై వచ్చును. గర్భములోని పిల్ల పెరుగుదలలో సుమారు మూడింట రెండు వంతులకు పైగా చివరి ఆరు వారములలో జరుగును. ఆ కాలమున సూడి గొర్రెకు మేతతోపాటు దినమునకు 200 మొదలు 250 గ్రాముల దాణా, అనగా జొన్నలో మొక్కజొన్నలో నూకయు, తవుడును, తెలగపిండియు కలిపి, పెట్టవలెను. ఈనుటకు సుమారు నెలముందు చిటుక రోగపు టీకా వేయించినచో, ఆ రక్షయు ముర్రుపాల ద్వారా పిల్లకు చేరును. ఒక్క సూదితో రెండు జీవములు కాపాడబడును.

రెండు వారములు నిండిన పిల్ల లేతగడ్డి కొరుకుట మొదలుపెట్టును. అప్పటినుండి పెద్దవి దూరలేని చిన్న సందుగల దడి కట్టి, లోపల పిల్లలకు మాత్రమే కొంచెము దాణాయు, వ్రేలాడగట్టిన ఆకుకట్టయు ఉంచవలెను. మూడవ వారము మొదలు నెత్తురు పారుడు కనబడవచ్చును. తడి నేలయు, క్రిక్కిరిసిన గంపయు దానికి పుట్టినిల్లు. నెల దాటిన పిదప నట్టలమందును పశువైద్యుని సలహాపై త్రాగించవలెను. 3 నెలలు నిండిన పిల్లను తల్లినుండి విడదీయవచ్చును. చిటుక రోగపు టీకా, పదునైదు దినములకు దాని రెండవ మోతాదు, పి.పి.ఆర్. టీకా ఆ వయస్సుననే వేయించవలెను. పశువుల ముసర రోగము 2011లో లోకమునుండియే నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. గొర్రెలకును మేకలకును వచ్చు ఈ పి.పి.ఆర్. దానికి దాయాది. దీనిని 2030 నాటికి నిర్మూలింపవలెనని ప్రపంచ దేశములు గడువు పెట్టుకొన్నవి. టీకా వేయు సిబ్బంది ఊరికి వచ్చు దినమును పంచాయతి కార్యాలయమునగాని, పశువైద్యశాలయందుగాని ముందుగా తెలిసికొని, ఆనాడు మందను ప్రొద్దున్నే తోలక దొడ్డిలో నిలిపియుంచవలెను.